ప్రాణానికి కంతు

నెలకొకసారి మా ఇంట్లో యుద్ధం జరిగేది. కారు అప్పు కంతు, అదే నెల వాయిదా, బ్యాంకువాళ్లు పట్టుకున్నట్టు మా ఆయన ఫోనుకు మెసేజ్ వచ్చిన పొద్దు, నా చేతికి ఏది దొరికితే అది గాల్లోకి లేచేది. ఒకసారి చట్నీ గిన్నె గోడకేసి కొట్టాను. ఇంకోసారి ఆయన నా చేతిలో గరిటె లాక్కుని మిక్సీ మీదికి విసిరితే, జారు పగిలి పెంకు నా మోచేతిలో దిగింది. మా అరుపులు వింటే తారీకు తెలిసిపోతుంది, క్యాలెండరు దేనికని పక్కింటామె నవ్వేది. పులివెందులలో మా వీధి మొత్తానికి ఆ కంతు సంగతి తెలుసు.

నేను గవర్నమెంటు స్కూల్లో లెక్కల టీచరుని. నెలంతా గొంతు చించుకుంటే వచ్చే జీతమూ ఆ కంతూ ఇంచుమించు ఒకటే. అందుకే నాకు ఒళ్లు మండేది. మాకున్నది సింహాద్రిపురం దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి. ఒక ఏడు కాయ నిలుస్తుంది, ఒక ఏడు రాలిపోతుంది. అట్లాంటి ఇంట్లోకి ఊపిరి పీల్చి వదిలేలోగా నూరు స్పీడు అందుకునే కారు వచ్చింది. నేలకు జానెడు ఎత్తు. స్పీడు బ్రేకరు వస్తే పొట్ట గీసుకుంటుంది. తోటకు తోలితే మట్టిలో దిగబడుతుంది. దాంట్లో ఎరువు మూటలు తేలేం, కాయలు తేలేం.

"ఏమయ్యా, ఇది తిండి పెడుతుందా, నీళ్లు తోడుతుందా? ఎందుకు కడతాండావు దీనికి?" అని అరిచేదాన్ని.

ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "ప్రాణానికి కంతు కడతాండామ్మే నేను. మా నాయన జీపు నూరు దాటింటే ఈ పొద్దు ఆయన ఈడ కూచోనుండు."

ఆ మాట వినగానే మా అత్త లేచి లోపలికి వెళ్లిపోయేది.

ఊరి కక్షల్లో మా మామగారిని చంపేసినప్పుడు మా ఆయనకు తొమ్మిదో పదో ఏళ్లు. పులివెందుల నుంచి ఊరికి జీపులో వస్తున్నారు, మామగారూ అత్తా. దారిలో నరికేశారు. ఆడమనిషని అత్తను వదిలేశారు. శవాన్ని దుప్పట్లో తెచ్చారు, తెగిన చేతిని విడిగా తువ్వాలలో చుట్టి తెచ్చారు. ఆ తువ్వాల తడిసి కారడం మా ఆయన చూశాడు. అత్త పోలీసులకు ఎవరినీ గుర్తుపట్టలేదని చెప్పింది. పాత జీపు ఎత్తు ఎక్కలేక మూలిగింది, వెనకాల తరిమినవాళ్లు అందుకున్నారు అని ఊరంతా చెప్పుకున్నారు. మా ఆయన ఆ మాట తినే పెరిగాడు. అన్నం పెట్టి, ప్రొద్దుటూరులో చదివించి, నాతో పెళ్లి చేసింది జమ్మలమడుగులో ఉండే మేనమామ, అంటే అత్త సొంత అన్న. కారు కొన్న వారానికి ఆయన వచ్చి బానెట్టు నిమిరి, "ఇట్లాంటిది ఆ పొద్దు ఉండింటే మా బావ బతికేటోడప్పా" అని కళ్లు తుడుచుకున్నాడు. మేనమామే మెచ్చుకున్నాక ఇంక నా ఏడుపు ఎవరికి కావాలి!

ఇప్పుడు ఎవరూ ఎవరినీ తరమడం లేదు. ఆనాటి కేసులో ఉన్నవాళ్లూ మేమూ ఒకే కల్యాణ మండపంలో పక్క పక్క వరసల్లో తింటున్నాం. అయినా మా ఆయన కళ్లు మాత్రం అద్దంలోనే ఉండేవి, వెనక ఎవరొస్తున్నారా అని.

పోయిన ఏడు మేనమామ మనవరాలికి ఓణీల పండగ చేశారు. ప్రొద్దుటూరులో గొలుసు కొనుక్కుని జమ్మలమడుగు దారి పట్టాం. అత్త వెనక సీట్లో కూర్చుంది. ఊరు దాటాక ఒక తెల్ల కారు మా వెనకే రావడం మొదలుపెట్టింది. పట్టపగలు లైట్లు వేసుకుని, మేము తగ్గితే తగ్గి, పెంచితే పెంచి. మా ఆయన దవడ బిగుసుకుంది.

"వస్తాండారు" అన్నాడు.

"ఎవరొస్తాండారు? రోడ్డు నీ ఒక్కనిదేనా?" అన్నాను. వినలేదు. కారు గర్జించి ముందుకు దూకింది. నా తల వెనక్కి కొట్టుకుంది. చెట్లు గోడలా కలిసిపోయాయి. అత్త "నాయనా, వద్దు నాయనా" అని కేకలు పెడుతూనే ఉంది. మలుపు తిరిగితే రోడ్డు నిండా గొర్రెలు.

బ్రేకు వేశాడు. కానీ ఆ వేగానికి ఏం బ్రేకు సరిపోతుంది! మెత్తటి దెబ్బలు దబదబా పడ్డాయి. ఒక గొర్రె లేచి అద్దం మీద పడింది, అద్దం సాలెగూడులా చిట్లి ఎర్రబడింది. కారు అడ్డం తిరిగి ఆగింది. కిందికి దిగితే నా చెప్పులు రక్తంలో అంటుకున్నాయి. నడుం విరిగిన గొర్రె ఒకటి ముందు కాళ్లతో ఈడ్చుకుంటూ పిల్ల దగ్గరికి పోతోంది. దాని అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

దండం పెట్టి తప్పయిందనాల్సిన మనిషి, "మందను రోడ్డు మీదికి తోలేదేందిరా?" అని కాపరి మీదికి పోయాడు. కాపరి చేతికర్రతో మొహం మీద ఒకటి ఇచ్చాడు. పెదవి చీలి పన్ను బయటికి వచ్చింది. మా ఆయన డిక్కీ తెరిచి జాకీ రాడ్డు తీశాడు. కాపరి అన్నదమ్ములు ఇద్దరు గట్టు దిగి పరిగెత్తుకొచ్చారు. రాడ్డు దెబ్బకు ఒకడి చెయ్యి విరిగిన చప్పుడు నేను విన్నాను. అత్త మధ్యలో పడితే ఆమె భుజం మీద కర్ర విరిగింది.

అప్పటికి తెల్ల కారు వచ్చి ఆగింది. దాంట్లోంచి చంకలో బిడ్డతో ఒక మొగుడూ పెళ్లాం దిగారు. వాళ్లే నీళ్ల సీసాతో పరిగెత్తుకొచ్చారు.

"చూడురా! బిడ్డను ఎత్తుకుని తరిమినారా నిన్ను?" అంది అత్త, రాడ్డు పట్టుకుని వేలాడుతూ.

"నాకేం తెలుసుమా? నాయన మాదిరి దొరికిపోమంటావా?"

"మీ నాయన దొరికిపోలా! ఎవరూ తరమలేదు. ఆయనే జీపు ఆపినాడు. మా అన్న రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తినాడని ఆపినాడు. ఆపినాకే వాళ్లు కాలవలోంచి లేసినారు. మా అన్న మొగం అట్లా తిప్పుకున్నాడు."

ఒక్క ఊపిరిలో వచ్చేసింది. తర్వాత కొంగుతో నోరు మూసుకుంది. ఇన్నేళ్లు కొడుకు హంతకుడు కాకూడదని కడుపులో దాచుకున్న మాట, కొడుకు చేతిలో రాడ్డు చూసి జారిపోయింది.

మా ఆయన రాడ్డు కింద పడేశాడు. కాపరులు అడిగినంతా ఇచ్చాడు, చెయ్యి విరిగినవాణ్ణి ఆస్పత్రికి పంపాడు. జమ్మలమడుగు పోలేదు. కారు వెనక్కి తిప్పి, పగిలిన అద్దంలోంచి చూస్తూ, ఇంటిదాకా ఎద్దుల బండిలా తోలాడు. వెనక అద్దం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నాకు భయం పట్టుకున్నది అక్కడే.

తర్వాత ఇంట్లో అరుపులు లేవు. ఒకనాడు ఆయన స్నానాల గది దగ్గర నిలబడి ఎవరితోనో ఫోనులో మెల్లగా అడగడం విన్నాను: "మామ ఇంకా పొద్దున పూట తోట కాడికి ఒక్కడే పోతాండాడా?"

కంతు రోజు దగ్గరికొచ్చింది. ఆయనే నా పక్కన కూర్చున్నాడు. "నువ్వు చెప్పిందే నిజం. బండి అమ్మేస్తా. అప్పు తీరినాక శానా మిగుల్తుంది. నీ పేరు మీద వేస్తా" అన్నాడు.

"నా పేరు మీద దేనికి?"

"ఇంటి ఖర్చులకు. లాయరుకు కొంత పక్కన పెట్టల్ల."

"నువ్వుంటావు గదా ఇంట్లో."

తలొంచుకుని గోళ్లు చూసుకున్నాడు.

మా వైపు పెద్ద పనికి దిగేవాడు ముందు ఇల్లు సర్దుకుంటాడు. కేసుకు ఎంత, జైల్లో ఉన్నన్నాళ్లు పెళ్లాం బిడ్డలకు ఎంత అని లెక్క చూసుకుని, ఆస్తి అమ్మి, దుడ్లు పక్కన పెట్టుకుని, అప్పుడు కొడవలి పడతాడు. మామగారిని చంపినవాళ్లు కూడా అంతకుముందు ఎకరాలు అమ్మారని అత్త చెప్పింది.

"అమ్మొద్దు" అన్నాను. నా నోటి నుంచి ఏమేం వచ్చాయో! అంత మంచి బండి మళ్లీ కొనలేమన్నాను. కొన్నదానికి సగం రాదన్నాను. అత్త భుజం చూపించడానికి కడపకు పోవాలి, బస్సులో ఎట్లా పోతుందన్నాను. వీధిలో పరువు పోతుందని కూడా అన్నాను, గిన్నెలు విసిరిన నోటితోనే.

"కంతు ఎవరు కడతారు?" అన్నాడు.

"నేను కడతా."

గదిలోంచి అత్త గొంతు వినిపించింది. "కట్టమ్మా. ఎంతయినా కట్టు. వాణ్ణి అమ్మనీయద్దు."

ఆ నెల నుంచి నా జీతం పడ్డ రోజే కంతుకు పోతోంది. బియ్యం, కూరగాయలు అత్త పింఛను మీద, చీనీకాయల మీద నడుస్తున్నాయి. అంత కట్టి ఏం సుఖపడుతున్నావే అని మా అమ్మ కమలాపురం నుంచి ఫోను చేసి తిడుతుంది. స్పీడు గురించి, సీట్ల గురించి ఏదో ఒకటి చెప్తాను. కారు వాకిట్లో పట్టా కింద ఉంది. మేనమామ జమ్మలమడుగులో బతికే ఉన్నాడు. కంతులు ఇంకా కొన్నేళ్లు ఉన్నాయి. అవి అయిపోతే ఏమని నేను అత్తను అడగను, అత్త నన్ను అడగదు.