మామిడి పెట్టెల మీద శారద

1986 వేసవి. నూజివీడు బస్టాండు వీధిలో నాకు ఫోటో స్టూడియో ఉండేది. సీజన్లో లారీలు రేపే దుమ్ముకి షోకేసు అద్దాలు తుడవలేక చచ్చేవాణ్ణి. ఒక ఉదయం, ఊరి బయట తోట ఉన్న రైతు సుబ్బారావు గారు వచ్చి ఒక రంగు కాగితం నా బల్ల మీద పెట్టారు. మామిడి పెట్టెలకి అంటించే లేబుల్ అది. దాని మీద ఆయన కూతురు శారద, రెండు చేతుల్లో బంగినపల్లి కాయలు పట్టుకుని నవ్వుతోంది.

ఆ పిల్ల అంతకుముందు వానాకాలంలోనే పచ్చకామెర్లతో పోయింది.

"ఇది మీరు తీసిందే కదండీ?" అన్నారాయన.

నేను తీసిందే. స్టూడియోలో కూర్చోబెడితే కొయ్యబొమ్మలా బిగుసుకుపోయిందని, విసుగొచ్చి వాళ్ళ తోటకే వెళ్ళి తీశాను. కనుబొమ్మ మీద చిన్న గాటు ఉంటే నెగెటివ్ మీద సన్నని పెన్సిల్‌తో కప్పేశాను. దాన్ని రీటచింగ్ అంటాం. లేబుల్ మీదా ఆ గాటు లేదు. నెగెటివ్ నా బీరువాలోనే ఉంది. అంటే నేనిచ్చిన ప్రింటుకే ఎవరో మళ్ళీ ఫోటో తీశారన్నమాట.

"ప్రింటు ఎవరికైనా ఇచ్చారాండీ?"

"మా తోట కాపు కొన్న షావుకారికిచ్చాం. మంచి సంబంధం ఉంది, చూపిస్తానని పట్టుకెళ్ళాడు. పిల్లే పోయాక ఫోటో అడగటం ఏంటని ఊరుకున్నాం." ఆయన లేబుల్‌ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "వాళ్ళమ్మ మార్కెట్ యార్డులోనే తిరుగుతోందండీ. కాళ్ళ కింద పడ్డ లేబుళ్ళన్నీ ఏరుకుంటోంది. ఎలాగైనా వీటిని అంటించడం ఆపించండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా యార్డులో ఉన్న షావుకారు పళ్ళ మండీకి వెళ్ళాను.

"పోయినేడు లేబుళ్ళు అచ్చుకి ఆర్డరిచ్చేటప్పటికి పిల్ల నిక్షేపంగా ఉందండీ. ఇలా అవుతుందని నేనేమైనా కలగన్నానా?" అన్నాడు.

"సంబంధానికని తెచ్చిన ఫోటో పెట్టెలకెలా ఎక్కించారు? ఆ పిల్లనడిగారా? వాళ్ళ నాన్ననడిగారా?"

"కళగల మొహం కదా అని..." అంటూ నసిగాడు.

కోర్టుకెళ్తానని బెదిరించాను. కేసు తేలేలోపు మామిడి సీజనే అయిపోతుందని ఇద్దరికీ తెలుసు. అంతలో మండీ గుమ్మం దగ్గర శారద తల్లి నాగరత్నమ్మ గారు కనిపించారు. ఖాళీ పెట్టె ముందు కూర్చుని, తడిగుడ్డతో లేబుల్‌ని చిరగకుండా ఊడదీస్తున్నారు. షావుకారు అటు చూసి తల దించుకున్నాడు. మిగిలిన లేబుళ్ళ కట్టలన్నీ తీసుకెళ్ళిపొమ్మన్నాడు.

గెలిచాననే అనుకున్నాను. కట్టలు రిక్షాలో వేయించుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళాను.

"ఇంక ఎవరి చేతికీ దొరకవమ్మా. పెరట్లో వేసి కాల్చేయండి."

ఆవిడ ఒక కట్ట విప్పి చూసుకున్నారు. "ఒకసారి కాల్చి వచ్చాం కదండీ. మళ్ళీ ఇన్నిసార్లు కాల్చమంటారా?"

సుబ్బారావు గారు గోడవైపు తిరిగిపోయారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడే ఆ కట్టల్ని శారద ఓణీలున్న ట్రంకుపెట్టెలో ఒక్కొక్కటీ సర్దారు.

నెగెటివ్‌కి తాళం వేస్తే ఫోటో భద్రమని అంతవరకూ అనుకునేవాణ్ణి. ఆ తర్వాత ఎవరు ప్రింటు తీసుకెళ్తున్నా, ఎవరి చేతికిస్తున్నారని అడిగేవాణ్ణి. కొందరు విసుక్కునేవారు. ఒకసారి బయటికెళ్ళిన మొహాన్ని పూర్తిగా వెనక్కి తేలేమని వాళ్ళకెలా చెప్పను? అప్పటికే శారద బొమ్మతో కలకత్తా లారీలెక్కిన పెట్టెలున్నాయి. పళ్ళు తీసుకున్నాక వాటిని అక్కడ ఏం చేస్తారని ఆ తల్లి నన్నడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకిప్పటికీ తెలియదు.