ఊరికే ఇచ్చిన కల్లం

కాపురానికి వచ్చిన నాటి నుంచీ అంకమ్మ ఒళ్ళు మండించిన మాట ఒక్కటే: ఊరికే. చీకటితో లేచి గేదెల పని చూసి, చేనుకు కూడు మోసి, పొద్దుగూకే దాకా మిరపకాయలు కోసి వచ్చిన మనిషి ఎదురుగా ఉండగానే, "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని ఎవరైనా అడిగితే, మొగుడు రోశయ్య తాపీగా "ఊరికే ఇంటికాడ ఉంటదండీ" అనేవాడు. ఆమె నోరు తెరవబోతే "నువ్వు ఊరికే ఉండవే" అనేవాడు. పనిలేకుండా ఉండటానికీ, నోరు మూసుకోవడానికీ ఒకే మాట పెట్టినవాడు ఎవడో గానీ, వాడు ఇంట్లో ఒక్క పనీ చేసి ఉండడని అంకమ్మ నమ్మకం.

రోశయ్య పోయినప్పుడు చుట్టాలొచ్చి "ఊరికే ఏడవకమ్మా" అన్నారు. ఊరికే ఎవరన్నా ఏడుస్తారా?

ఆయన వెనక ఆమెకు మిగిలింది కాస్త చేను, కారంపూడి రోడ్డు పక్కన కల్లం. మిట్ట నేల, పొద్దస్తమానం ఎండ తగిలే చోటు. తన కాయలు ఓ మూలకు సరిపోతాయి. మిగతా జాగా ఖాళీగా ఎందుకని ఒక ఏడు చుట్టుపక్కల వాళ్ళను పిలిచి, "ఈ కల్లం ఊరికే ఇస్తున్నా, మీ కాయలు గూడా ఆరబోసుకోండి" అంది. కిరాయి అక్కర్లేదని అర్థం. చంటిపిల్లకైనా తెలిసే అర్థం.

ఊరి పెద్దగా తిరిగే ధనుంజయరావుకు మాత్రం తెలియలేదు. ఈ ఏడు కల్లం నిండా కాయలు ఎర్రగా పరిచి ఉండగా, మనుషుల చేత టేపూ సున్నమూ మోయించుకుని దిగాడు. ఊరి పేరున కమ్యూనిటీ హాలు కడతాడట. దాని పక్కగా, వెనకున్న తన గోడౌనుకు లారీలు పోయే దారి కూడా తీస్తాడట.

"ఎవరి జాగాలో రా ముగ్గేస్తున్నావ్?" అంది అంకమ్మ.

"నువ్విచ్చిన జాగాలోనే పిన్నీ. 'ఊరికే ఇస్తున్నా' అని నలుగురిలో అన్నావా లేదా? ఊరికిచ్చేసి మళ్ళీ నాదంటే ఎట్టా?"

అంకమ్మకు అది తలకెక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక ఇక ఆగలేదు.

"ఓరి నీ తెలివి తగలెయ్య! మీ నాయన బతికినన్నాళ్ళూ ఊరికే తిని తిరిగాడు. అది గూడా ఊరి కోసమేనంట్రా?"

సున్నం పోసేవాళ్ళు కిసుక్కుమన్నారు. ధనుంజయరావు మొహం మాడింది. "వీళ్ళంతా విన్నారుగా, అడుగు" అన్నాడు.

కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు తలలు ఎత్తలేదు. అందరి గోతాలూ చివరికి చేరేది అతని గోడౌనుకే.

"ఏమే ఖైరున్నీసా, నువ్వు చెప్పు. ఆ రోజు నేనేమన్నా?"

ఖైరున్నీసాది పక్కిల్లు. మధ్యాహ్నం ఇద్దరూ ఒక్కచోటే అన్నం తింటారు. "నాకెందుకక్కా ఈ గొడవ... ఊరికే అనే అన్నావు" అని నసిగింది.

ధనుంజయరావు దొంగబుద్ధి కంటే ఆ నసుగుడు ఎక్కువ మండించింది. అంకమ్మ వంగి ఖైరున్నీసా కాయల కింద పరిచిన పట్టా అంచు పట్టుకుని లాగింది. కాయలన్నీ కుప్పపడ్డాయి.

"అక్కా, అక్కా! ఇంకా పచ్చిగా ఉన్నయ్. కుప్పేస్తే బూజు పడతయ్!"

"పడనీ. ఊరిదైతే మీ ధనుంజయరావు కాపలా కాస్తాడు. నాదైతే ఎత్తండి మీ కాయలు, అందరూ!" అంటూ రెండో పట్టా మీదికి నడిచింది.

ఖైరున్నీసా దిగ్గున లేచి ధనుంజయరావు వైపు తిరిగింది. "కిరాయి లేకుండా పోసుకోమంది అన్నా! ఊరికి రాసిస్తానని అనలా. నేను ఇన్నా." ఆ వెంటనే మిగతావాళ్ళ నోళ్ళూ లేచాయి. నేనూ విన్నా, నేనూ విన్నా.

"పంచాయతీలో తేల్చుకుందాం" అంటూ ధనుంజయరావు టేపు చుట్టించుకుని వెళ్ళిపోయాడు.

"పంచాయతీలో గూడా ఇదే మాట చెప్తామక్కా. కాయలు మళ్ళీ పరుచుకోమా?" అంది ఖైరున్నీసా, మెత్తగా.

"ఆరిందాకా ఉంచుకోండి. వచ్చే ఏడు మాత్రం ఈ కల్లంలో నా కాయలే."

అంకమ్మ సున్నపు గీతలను కాలితో చెరపసాగింది. ఖైరున్నీసా కూడా వచ్చి ఓ గీత మీద కాలు పెట్టింది.

"తియ్యవే కాలు. నీ కాయలు చూసుకోపో" అంది అంకమ్మ. మిగిలిన గీతలన్నీ ఒక్కతే చెరిపింది.