పచ్చజొన్న మీది నల్లపొడి

అరవైల మొదట్లో నేను కరీంనగర్‌లో వ్యవసాయ శాఖలో కొత్తగా చేరాను. చదువు ముగిసి ఏడాది కాలేదు గానీ, తెగుళ్లు గుర్తుపట్టడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. మిరుగు కార్తె దగ్గరపడుతుండగా, విత్తనం చూడటానికి హుస్నాబాద్ పక్క ఊళ్లో ఒక అవ్వ ఇంటికి వెళ్లాను. ఊళ్లో సగంమంది పచ్చజొన్న విత్తనం ఆమె దగ్గరే మార్చుకునేవారు. దూలానికి వేలాడదీసిన కంకులు దించి, నలిపి చూపింది. గింజల మీద నల్లటి పొడి.

"కాటుక తెగులు అవ్వా. ఎవలకు ఇయ్యకు. ఉడకబెట్టి బర్రెకు పెట్టు," అన్నాను.

ఆ తెగులు పట్టిన విత్తనం వేస్తే, మరుసటి పంటలో గింజ ఉండాల్సిన చోట నల్లపిండే ఉంటుంది. ఆమె ముఖం పాలిపోయింది.

"నా విత్తనం మీద గీ మాట ఎన్నడు రాలే బిడ్డా. కోతలప్పుడు ముసురు పట్టింది, గంతే. జర మంచిగ చూడరాదు?"

విత్తనం కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు అది విని వెనక్కి తిరిగారు. నేను గుప్పెడు గింజలు పొట్లం కట్టుకొని బస్సెక్కాను.

"ఉత్త కండ్లతోనే చూసి చెప్పినవా?" అన్నారు మా పై అధికారి. నాకు రోషం వచ్చింది. రుజువు చేసి చూపిద్దామని పళ్లెంలో తడిపిన అద్దుడు కాగితం పరిచి, గింజలు పేర్చి, మూత పెట్టాను.

ఏడో రోజు మూత తీస్తే మొలకలు తెల్లగా, నిటారుగా ఉన్నాయి. గింజల మీద మాత్రం నల్లటి నూగు. కాటుక తెగులు అలా నూగులా పెరగదు. సూదితో కాస్త తీసి, గాజు పలక మీద నీటిచుక్కలో పెట్టి, మైక్రోస్కోపులోకి చూశాను.

అబ్బ! కాటుక తెగులు సిద్ధబీజాలైతే ఆవగింజల్లా గుండ్రంగా ఉండాలి. ఇవి గోధుమరంగు గదల్లా, ఒకదానికొకటి అంటుకొని గొలుసులు! లోపల అడ్డంగా, నిలువుగా గోడలు, చివర సన్నని ముక్కు. పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూసిన ఆల్టర్నేరియా! ముసురు పడితే ఆకుల మీదా కంకుల మీదా ఎక్కడైనా చేరే మామూలు బూజు. గంతులేయాలనిపించింది.

"సార్! ఆల్టర్నేరియా!" అని అరిచాను.

ఆయన చూసి తలెత్తారు. "మంచిగ పట్టినవ్. మరి గా ముసలామె జొన్నలు ఏమైనయో?"

అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. దొరికిన బస్సెక్కి, దిగినచోటి నుంచి పరుగే పరుగు.

వారం రోజులు మనసొప్పక దాచుకున్నదట, సరిగ్గా ఆ రోజే అవ్వ వాకిట్లో ఎసరు పెట్టింది. పక్కన గంపలో జొన్నలు.

"అవ్వా, ఆపు! కాటుక తెగులు కాదు, ఉత్త బూజు! మంచిగ మొలుస్తున్నయి! ఎండబెట్టి, గట్టి గింజలు ఏరుకుంటే చాలు!"

ఇక ఆగలేదు నేను. గొలుసులనీ, గోడలనీ, ముక్కులనీ చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాను. ఆమె గంప మీది చెయ్యి తీయకుండా విన్నది.

"అయితే నాడు నువ్వు చెప్పింది తప్పా?"

"తప్పే అవ్వా."

"మరి గింత సంబురమెందుకు బిడ్డా?"

ఆమె పొయ్యిలోంచి కట్టెలు బయటికి లాగి, నా చెయ్యి పట్టుకొని లేచింది. "నడువు. గీ మాట ఊరంత నీ నోటితోనే చెప్పు."

ఇంటింటికీ తిరిగి నా తప్పు ఒప్పుకున్నాను. ప్రతి గడప ముందూ అవ్వ నా పక్కనే నిలబడి, "ఇంకోపారి చెప్పు. లోపలోళ్లకు ఇనవడలే," అన్నది.