అరవని కర్రసాము

నిన్న బీరువా వెనక నా పాత వెదురుకర్ర దొరికింది. రెండు కొనలకూ తొడిగిన డ్యూటీ సాక్సులు ఇంకా ఊడిపోలేదు. క్వార్టర్ల దోస్తులారా, ఆ సాక్సుల కథ గుర్తుందా?

గోదావరిఖనిలో మన బొగ్గుగని క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో, సెలవు రోజు పొద్దున్నే కొమురయ్య కాక మనకు కర్రసాము నేర్పేవాడు. మొదటి రోజే నేను సినిమా ఫైటర్‌లా "హా!" అని అరిచి, కాక కర్రను టక్కున కొట్టాను. మరుక్షణం పక్క కిటికీలోంచి ఒక చెప్పు వచ్చి నా వీపుకు తగిలింది.

"నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకున్న. జర కన్నంటుకోనియ్యరా?" అని లోపలి నుంచి మల్లేశం బావ గర్జించాడు.

"ఇంకోపారి అరిస్తె మల్ల రాకు పిల్లా. సాము చెయ్యనీకి నోరెందుకు?" అన్నాడు కాక. ఆ సాయంత్రమే కర్రలన్నిటికీ తన పాత డ్యూటీ సాక్సులు తొడిగాడు. అట్లా మనమంతా మూగవాళ్లలా కొట్టుకుంటూ పెరిగాం.

కాక తర్వాత ఆ సాముకు ఇప్పుడు నేనే గురువును. మొన్న ప్రదర్శనకు వచ్చిన ఒకాయన, "మీ పద్ధతిలో అరుపులెందుకు ఉండవు?" అని అడిగాడు. నా శిష్యురాలు చేతులు కట్టుకుని, "శ్వాస లోపల ఆపితే బలం పెరుగుతది సార్. మా గురువుల రహస్యం" అంది.

నేను నవ్వు ఆపుకుంటూ ముందు వరుస వైపు చూశాను. ఆ రహస్యానికి మూలపురుషుడైన మల్లేశం బావ, మెడలో ముఖ్య అతిథి దండతో, గురక పెడుతున్నాడు.

పెదవుల మీద వేలు పెట్టి పిల్లలకు సైగ చేశాను. చప్పుడు కాకుండా సాము మొదలైంది.