ఎనిమిదో తావు

మా అయ్యవారు పోయారు. చిత్తూరు అంగడి వీధిలో బుట్ట దించుకుంటూ మా ఊరి పూలాయన చెప్పాడీ మాట. "నిన్న పొద్దున పోయినాడు మ్మా. స్నానం జేసొచ్చి పీట మీద కూచున్నాడు, అట్నే ఉండిపోయినాడు" అన్నాడు. మా ఊరంటే తిరుచానూరు. అయ్యవారంటే అక్కడ గుడి వెనక వీధిలో, సొంత ఇంటి పంచలోనే బడి పెట్టుకుని మా వీధి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించిన మనిషి. ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు, కాబట్టి ఇక్కడా ఆయన అయ్యవారే.

ఆయన చెప్పే చదువుకు బడి సరిపోయేది కాదు. మా నాయన పూలకొట్లో దండలు కట్టే ఆడపిల్లల దగ్గర నిలబడి, మూరకు ఎన్ని ముళ్ళు పడుతున్నాయో అడిగి, దాని మీద ఎక్కం చెప్పించేవారు. ఎండాకాలం స్వర్ణముఖి ఎండిపోతే ఆ ఇసకే మాకు పలక. వేలితో గుణింతం రాసి, గాలికి చెరిగిపోయేలోగా చదవమనేవారు. కొండకు బస్సు దారి పడ్డాక కూడా ఆయన నడిచే ఎక్కేవారు. తోడు వెళ్ళామా, అయిపోయామే. మెట్టు మెట్టుకీ ఒక ప్రశ్న వేసి ప్రాణం తోడేసేవారు. పాఠం అయ్యాక మాత్రం ఒక చెంబు మజ్జిగ తాగి, చల్లబడి, మామూలు మనిషయ్యేవారు.

"సదువు నీ నోట్లో ఉంటే సాలదు మే. పక్కనోళ్ళ చెవిలో గూడా ఉండాల" అనేవారు. అందుకే ఎక్కాలు ఎవరూ ఒంటరిగా చెప్పకూడదు. మొదటి వాక్యం ఆయన అందించేవారు. రెండు నుంచి పది దాకా ముందు వరసలో కూర్చున్నవాళ్ళం ఒక్కొక్కరం ఒక్కో వాక్యం చెప్పాలి. ఎవరి తావు వాళ్ళది. ఎనిమిదో తావు ఆయన కూతురిది, తొమ్మిది నాది.

ఆ పిల్ల నాకంటే కాస్త పెద్దది. కూర్చుంటే దాని మోకాలు నా మోకాలికి తగిలేది. వాక్యం చెప్పేశాక ముక్కు ఎగబీల్చేది. అది వినగానే నేను మొదలుపెట్టేదాన్ని. మద్రాసు మీద బాంబులు పడతాయని జనం మూటాముల్లెలతో వచ్చి మా ఊరి సత్రాలన్నీ నింపేసిన ఏడాది, దానికి విషజ్వరం వచ్చింది. పోయింది.

బడి మళ్ళీ తెరిచిన రోజు నేను ఖాళీలోకి జరగబోయాను. "జరగబాకండి. ఎవురి తావులో వాళ్ళుండండి" అన్నారు అయ్యవారు. ఏడో ఎక్కం మొదలైంది. "ఏడు ఏళ్ళ నలభైతొమ్మిది" అని అవతలి పిల్లవాడు ఆపాడు. ఎనిమిది చెప్పాలా, తొమ్మిది చెప్పాలా నాకు తెలియలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. అయ్యవారు మాత్రం కళ్ళు మూసుకుని, తల కొంచెం వంచి, రోజూ మేం చెబుతుంటే ఎలా వింటారో అలాగే ఉన్నారు. కాసేపటికి "ఊఁ, తర్వాత?" అన్నారు. "ఏడు తొమ్మిదుల అరవైమూడు" అన్నాను. అంతే. ఆనాటి నుంచి ఏ ఎక్కంలోనూ ఎనిమిదో వాక్యం మా నోట రాలేదు. ఇప్పుడు కూడా నేను దాన్ని ఇక్కడ రాయడం లేదు. అది నాది కాదు.

మొదట్లో అందరికీ భయం వేసింది. తర్వాత పిల్లలం కదా, అలవాటు పడిపోయాం. ఎక్కాల వేళకు అయ్యవారమ్మ, అంటే ఆయన భార్య, వంటింటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడేది. ఆ ఖాళీ గడిచిపోగానే లోపలికి వెళ్ళిపోయేది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఆ కాసేపూ కదిలేది కాదు.

ఒక మధ్యాహ్నం పన్నెండో ఎక్కం చెబుతున్నాం. ఎండ పంచలోకి సగం దాకా వచ్చి ఉంది. ఖాళీ వచ్చింది. నేను నోరు తెరవబోయేంతలో అయ్యవారు, "తప్పు. మళ్ళా జెప్పు" అన్నారు. గొంతులో కోపం లేదు. రోజూ మాతో అనే మాటే అది. మళ్ళీ అంత సేపూ నిశ్శబ్దం. "ఆఁ, ఇప్పుడు సరి" అన్నారు. బడి వదిలాక ఉండబట్టలేక అడిగాను.

"అయ్యోరా, ఏమని తప్పు జెప్పింది?"

ఆయన నన్ను వింతగా చూశారు. "పక్కనే కూచోనుండావు గదా మే. నీకు వినపల్యా?"

మాట వినపడలేదు, నిజమే. కానీ ముక్కు ఎగబీల్చిన చప్పుడు నేను రోజూ వింటూనే ఉన్నాను.

ఇంట్లో చెప్పేశాను. నాయన మండిపడ్డాడు. "సచ్చిపోయిన బిడ్డకు పాఠం జెప్పుకుంటా కూచుంటే బతికుండే బిడ్డలకు సదువు యాడొస్తాది? రేపట్నించి ఆడికి పోబాకు" అన్నాడు. ఆయనది తప్పని నేననను. ఏ నాయనైనా అదే అంటాడు. మర్నాడు అయ్యవారమ్మ మా కొట్టుకు వచ్చింది. వీధిలోకి రావడమే అరుదు ఆమె.

"అన్నా, నీ కూతుర్ని మానిపించబాక. నా బిడ్డ జెప్పేది అయిపోయిందని తెలిసేది ఈ పిల్లకొక్కదానికే. ఇది లేకుంటే తక్కినోళ్ళు దాని మాట మింద మాట జెప్పేస్తారు" అంది.

నాయన సగం కట్టిన దండ పక్కన పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "పో మ్మా, పొద్దు పోతాండాది బడికి" అన్నాడు.

అయ్యవారు చెప్పిన లెక్కల్లో సగం మరిచిపోయాను. పక్కవాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగడం మాత్రం మరవలేదు. లోపల ఎంత మండుతున్నా ఆగుతాను కాబట్టి అత్తగారింట్లో నాకు నెమ్మదైన పిల్లనని పేరు కూడా వచ్చింది. అందుకు అయ్యవారికే దండం పెట్టుకోవాలి. ఆయన దగ్గర చదివినవాళ్ళను ఎక్కడున్నా ఇట్టే పట్టేయొచ్చు. లెక్కలో ఎనిమిది తగిలితే కాసేపు ఆగుతారు. కబురు చెప్పిన పూలాయన కూడా ఆయన శిష్యుడే. కళ్ళు తుడుచుకుని, "బుట్టకు ఎనిమిది చెండ్లు, ఏడు బుట్టలు..." అని ఆగిపోయాడు. నేనూ ఆగాను. పూలు కొనడానికి వచ్చినావిడ మా ఇద్దరికీ మతి పోయిందనుకుంది.

పెళ్ళయి చిత్తూరు వచ్చేటప్పుడు నా తావును మా చెల్లెలికి అప్పగించాను. "ఎప్పుడు మొదలుబెట్టాల్నో ఎట్ల తెలుస్తాదక్కా?" అంది. "ఊరికే ఉండు, తెలుస్తాది" అన్నాను. ముక్కు సంగతి చెప్పలేదు.

కర్మ రోజుకు వెళ్ళాను. అయ్యవారమ్మ నా చేయి పట్టుకుంది. "ఆయన పోయినాడు, వయసైనోడు, సరే. బిడ్డను ఇంక ఎవురు పిలుస్తారు మే? ఎవురూ పిలవకుంటే అది యాడికి పోతాది?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. బడి నడపడానికి ఆమె చెల్లెలి కొడుకు వచ్చి ఉన్నాడు. ట్రైనింగయిన కుర్రాడు, మంచివాడే. వరసలో ఖాళీ చూసి, "రేపు ఎక్కం విన్నాక ఈడ ఎవుర్నన్నా కూచోబెడతా పెద్దమ్మా" అన్నాడు. సాయంత్రం బస్సుకు రావలసినదాన్ని నేను ఆగిపోయాను.

మర్నాడు పొద్దున్నే పిల్లలు వచ్చి కూర్చున్నారు. గోడ పక్కన అయ్యవారి పీట ఖాళీగా ఉంది. కొత్తాయన నిలబడే "ఏడో ఎక్కం" అన్నాడు. మొదటి వాక్యం తాను అందించాలని ఆయనకు తెలియదు. పిల్లలు కాసేపు ఊరకున్నారు. తర్వాత మొదట కూర్చున్న పిల్లవాడు "ఏడు రెళ్ళ పద్నాలుగు" అన్నాడు.

"మొదటిది ఎగరగొట్టినావే?"

"అయ్యోరు జెప్పినాడు సార్" అన్నాడు వాడు.

వరస నలభైతొమ్మిది దాకా వచ్చి ఆగింది. కొత్తాయన నోరు తెరవబోతే తలుపు దగ్గర నుంచి అయ్యవారమ్మ చెయ్యెత్తి ఆపింది. మా చెల్లెలు నేలకేసి చూస్తూ కూర్చుంది. ఒక వాక్యం చెప్పేంత సేపు అయింది. చెల్లెలు మొదలుపెట్టలేదు. అయ్యవారమ్మ కళ్ళు దాని మొహం మీదే ఉన్నాయి. ఆ పిల్ల ఇంక రాదేమో, తండ్రితోపాటే వెళ్ళిపోయిందేమో అనుకున్నాను. అప్పుడు చెల్లెలు తలెత్తి, "ఏడు తొమ్మిదుల అరవైమూడు" అంది.

ఎక్కం అయ్యాక దాని పక్కన కూర్చుని, "ఎందుకే అంత సేపు?" అని అడిగాను.

"ముందు తప్పు జెప్పింది గదక్కా. అయ్యోరు మళ్ళా జెప్పించినాడు" అంది.

కొత్తాయన ఆ తావులో ఎవరినీ కూర్చోబెట్టలేదు. అయ్యవారమ్మ లోపలికి వెళ్ళి మజ్జిగ చెంబు తెచ్చి పీట పక్కన పెట్టింది. ఇన్నేళ్ళూ ఆమె చెంబొక్కటే తెచ్చేది. ఆ పొద్దు చెంబు పక్కన ఒక చిన్న గ్లాసు కూడా ఉంది, నిండుగా.