బోణీ బండి వెనక్కి తిరగదు

మా మామగారికి ఆర్మూరులో పసుపు కమీషన్ దుకాణం, ఆరు లారీలు ఉన్నాయి. నేను ఆ ఇంటి కోడల్ని. షెడ్డు పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఏ లారీ ఎక్కడుందో, దేనికి ఏ మరమ్మతు చేయించాలో చూసే పని నాది. బండి చెడకముందే బాగు చేయించుకోవాలని పోరుపెట్టి నేనే ఆ ఏర్పాటు చేయించాను. బ్రేకుల్లో గాలి తగ్గినా, ఇంజను వేడెక్కినా, బండి దారిలో ఆగినా మామగారి ఫోను కూత పెట్టేది. ఆ కూతల్లో ఆయన ఒక్కటే ఉంచుకున్నారు, బండి ఆగినప్పటిది. మిగతావన్నీ తీయించేశారు.

"కడుపుతోని ఉన్నదానికి చేసినట్టు బండికి నెలనెలా చెకప్‌లేంది బిడ్డా? గది కంటదా, పెడ్తదా?" అని నలుగురిలో నవ్వేవారు. ఆయన పోయించిన టీ తాగుతున్నారు గనక ఆ నలుగురూ నవ్వేవారు.

పసుపు సీజన్లో మొదటి లోడును మా దగ్గర బోణీ బండి అంటారు. ముహూర్తం చూసి కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. తొక్కిన చక్రం ఇక వెనక్కి తిరగకూడదు. తిరిగితే ఆ ఏడంతా పసుపు ధర పడిపోతుందట. ధరను పడగొట్టేది ఏ సేఠ్‌లో మార్కెట్లో అందరికీ తెలుసు, అయినా నేరం మాత్రం చక్రానిదే.

ఆ ఏడు బోణీ ముంబై రేవుకు. డ్రైవరు మోర్తాడ్ మనిషి, మా దగ్గర పాతవాడు, నన్ను చెల్లె అని పిలిచేవాడు. నిమ్మకాయలు చితికాయి, అందరూ చప్పట్లు కొట్టారు. బండి గేటు దాకా వచ్చి ఆగింది. అతను కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"సేఠ్, బ్రేకుల గాలి ముల్లు ఎక్కుతలేదు. ఎక్కడనో లీకున్నది. జర షెడ్డుకు తీస్కపోయి చూపిస్త."

షెడ్డు అతని వెనకే ఉంది. నేను గదిలోంచి పరుగున వచ్చాను. "మామా, నా కంప్యూటర్ల గూడ గా బండి ఎర్రగ చూపెడుతున్నది. గంట పని, చూపిద్దాం."

"నిమ్మకాయ తొక్కిన బండిని ఎనుకకు తిప్పుతరా ఎవలన్న?" అన్నారు నాతో. అతని వైపు తిరిగి మాత్రం నవ్వారు. "భయమైతే దిగు. ఇంటికి పోయి పెండ్లాం పక్కపొంటి కూసొని బీడీలు చుట్టు. స్టీరింగు పట్టేటోళ్ళు మస్తుమంది ఉన్నరు."

అక్కడున్నవాళ్ళు పడీపడీ నవ్వారు. అతని భార్య బీడీలు చుట్టి ఇల్లు గడిపేది. మాట తగలవలసిన చోటే తగిలింది. అతను తల లోపలికి తీసుకుని బండి కదిలించాడు.

చదును దారిలో బ్రేకుల్లో ఉన్న కాస్త గాలీ సరిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఖండాలా ఘాట్ కొండదారి దిగబోయే ముందు బండి ఆగింది. నా గదిలో కూర్చున్న మామగారి ఫోను కూసింది. ఆయన వెంటనే స్పీకరు పెట్టి డ్రైవరుకు ఫోన్ చేశారు.

"బ్రేకులు పడుతలేవు సేఠ్. మెకానిక్‌ను పిలిచిన. చూపిచ్చుకొని దిగుత."

"పొద్దుగూకేసరికి రేవుల ఉండకపోతే బండి తాళాలు గాడనే పెట్టి బస్సెక్కు."

"అన్నా, కదలకు!" అని అరిచాను. మామగారు అప్పటికే ఫోను పెట్టేశారు. నేను ఎన్నిసార్లు చేసినా అతను ఎత్తలేదు. కంప్యూటర్లో బండి ఘాట్ దిగుతోంది. మామగారు తృప్తిగా తలాడించారు. కాసేపటికి ఫోను మళ్ళీ కూసింది. ఆయన తిట్టుకుంటూ మళ్ళీ చేశారు. చాలాసేపటికి అతను ఎత్తాడు.

"మల్లెందుకు ఆపినవ్ రా?"

"నేను ఆపలే సేఠ్," గొంతు పీలగా వచ్చింది. "గుట్ట ఆపింది."

"మాల్ మంచిగున్నదా?" అన్నారు మామగారు.

ఆ ఫోను లాక్కుని ఆయన ముఖానే కొట్టాలనిపించింది. ఆ ఇంటి అన్నం తింటున్నందుకు నామీద నాకే రోత పుట్టింది.

బస్తాలకు ఏమీ కాలేదు. అతని కుడికాలు మోకాలిపైకి తీసేశారు. మార్కెట్లో బోణీ చెడగొట్టినవాడన్న పేరు కూడా అతనికే వచ్చింది. ధర పడిన రోజల్లా అతన్నే తిట్టుకున్నారు.

ఎండలు ముదిరాక అతని భార్య దుకాణానికి వచ్చింది. మామగారు టీ తాగుతున్నారు. షెడ్డు కావలి పని ఖాళీగా ఉందని విన్నాననీ, అది తన భర్తకు ఇవ్వమనీ అడిగింది.

"ఒంటికాలోడు దొంగ ఎనుక ఉరుకుతడా?" అన్నారు మామగారు. ఎప్పటిలాగే నలుగురూ నవ్వారు. వాళ్ళ నవ్వు ఆగేదాకా ఆమె అలాగే నిలబడింది.

"కాలు పోయింది గని కండ్లు సక్కగున్నయి సేఠ్. గాలి ముల్లును అందరికంటే ముందుగాల చూసింది గా కండ్లే."

"గందుకే వద్దంటున్న," అని మామగారు ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చారు.