గోడవైపు కుర్చీ

హిలారియో బర్రగాన్ బాక్సింగ్ పోటీ టీవీలో చూడ్డానికి ఒక వీధి వీధంతా చందాలేసుకుని డబ్బు కట్టింది. ఆ పోటీని ఎవరికీ చూపించలేదు.

లాస్ వేగస్‌లో పెద్ద ప్రదర్శన అది. గోడపత్రిక అడుగున, పురుగుల్లాంటి అక్షరాల్లో హిలారియో పేరు కూడా వేశారు. కానీ అతని పోటీకి వేళంటూ లేదు. సందు పూడ్చడానికి దాచుకున్న పోటీ అది. ముందు దిగినవాళ్ళలో ఎవడైనా తొందరగా కూలబడితే ఆ ఖాళీలో ఇతన్ని దింపుతారు. ఎవడూ కూలబడకపోతే, అసలు పోటీ కూడా అయిపోయి జనం ఇళ్ళకి బయల్దేరాక దింపుతారు. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళకి ఇది మామూలే. హిలారియో సొంతూరు ఓక్స్‌నార్డ్‌లో, స్ట్రాబెర్రీ తోటలకి ఆనుకున్న వాడలో, గరాజ్‌లో కుర్చీలేసుకుని కూర్చున్న చుట్టపక్కాలకి మాత్రం తెలియదు. గోడపత్రిక మీద పేరుంటే తెర మీద మనిషి ఉంటాడనుకున్నారు పాపం.

హిలారియో చేతులకి పట్టీలు చుట్టి, గ్లవ్స్ కట్టి, చెమట పట్టేదాకా ఎగిరించారు. "ఇప్పుడు కాదు" అన్నారు. చెమట ఆరింది. మళ్ళీ ఎగిరించారు. మళ్ళీ కాదన్నారు. అక్క మొగుడు రోసెండో నీళ్ళ బకెట్ పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. గ్లవ్స్ కట్టాక విప్పడానికి లేదు కాబట్టి బామ్మర్ది ముక్కు దురదపెడితే గోకింది కూడా అతనే.

చివరికి పిలుపొచ్చేసరికి లోపల దీపాలన్నీ వెలిగించేశారు. జనం వీపులు తప్ప మొహాలు లేవు. కెమెరావాళ్ళు తీగలు చుట్టుకుంటున్నారు. అప్పటిదాకా ఓటమి ఎరగని కుర్రాణ్ణి హిలారియో మూడో రౌండులో ఎడమచేత్తో కుడి డొక్కలో ఒక్కటి గుద్దాడు. కాలేయం ఉండే చోటు అది. ఆ కుర్రాడు ముందు ఆశ్చర్యపోయినట్టు చూశాడు, తర్వాత గోనెసంచిలా జారిపోయాడు. కుర్చీల మధ్య ఖాళీ గ్లాసులు ఏరుతున్న ముసలివాడొకడు చెత్తసంచి కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. అంత గెలుపుకీ దక్కిన చప్పట్లు అవే.

ఇక్కడ గరాజ్‌లో జరిగిన సంగతి రోసెండోకి పెళ్ళాం ఓఫేలియా తర్వాత చెప్పింది. హిలారియో తల్లి కాందెలారియా కొడుకు దెబ్బలాడుతుంటే చూడదు. ఆ వాడలో బాక్సర్ల తల్లులు చాలామంది అంతే. కుర్చీని గోడవైపు తిప్పుకుని, టీవీకి వీపు పెట్టి, జపమాల తిప్పుతుంది. అయిపోయాక ఎవరో ఒకరు చెప్పాలి. ఆ సాయంత్రం మొదటి గంట మోగినప్పట్నుంచీ ఆవిడ అలాగే కూర్చుంది. ఎవడెవడో కొట్టుకున్నారు. బీరు ప్రకటనలొచ్చాయి. ప్రసారం అయిపోయింది.

"అయిపోయిందా? వాడికేం కాలేదు కదా?" అని గోడనే అడిగింది ఆవిడ.

అందరూ ఆరిపోయిన తెర వైపు చూస్తున్నారు. ఓఫేలియానే "గెలిచాడమ్మా" అంది. అప్పటికి ఆమెకీ తెలియదు. నిజమైంది కాబట్టి సరిపోయింది.

ఆ పోటీ వీడియో ఎవరిదగ్గరా లేదు. రోసెండో ఎన్నిసార్లు ఫోన్ చేసినా, తీయలేదన్న మాటే సమాధానం. ఆ తర్వాత రెండు మూడు చిన్న ఊళ్ళలో ఆడాడు హిలారియో. పిలిచేవాడు లేక మానేశాడు. స్ట్రాబెర్రీలు చల్లబరిచే గిడ్డంగిలో పెట్టెలు మోసే బండి నడిపే పనిలో చేరాడు. వేసవిలో కూడా ఉన్ని టోపీ పెట్టుకుని తిరిగే ఉద్యోగం.

రోసెండో గరాజ్‌లో మాత్రం పెద్ద పోటీ వచ్చినప్పుడల్లా కుర్చీలు పడుతూనే ఉన్నాయి. హిలారియో వచ్చేవాడు, చందా వేసేవాడు, కానీ వాకిట్లో నిప్పుల మీద మాంసం తిప్పుతూ టీవీకి వీపు పెట్టి నిలబడేవాడు. తల్లి పోలికే.

ధర మాత్రం ఏటేటా పెరిగింది. పోటీలు ఏటేటా చచ్చుబడ్డాయి. ఇద్దరు మొనగాళ్ళు ఒకరికొకరు ఎదురుపడాల్సిన వయసులో ఎదురుపడరు. ఇద్దరికీ మోకాళ్ళు అరిగాక ఎదురుపడి, పన్నెండు రౌండ్లు కౌగిలించుకుని, డబ్బు పంచుకుపోతారు. తర్వాత అదంతా ఫోన్లలోకి వచ్చింది. నెలనెలా కట్టేది వేరు, ఆ పోటీకి కట్టేది వేరు. అంతా కట్టాక తెర మీద చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది.

"బాగుంది! నెలకోసారి కట్టి గుమ్మం దాటాలి, మళ్ళీ కట్టి కూర్చోవాలి. రేపు కళ్ళు తెరిస్తే ఒక రేటు, మూస్తే ఒక రేటు పెడతారు" అనేవాడు టైర్ల కొట్టు తాచో.

"నీకేంట్రా, నువ్వెప్పుడు కట్టావ్?" అనేది ఓఫేలియా.

"నేను ఉల్లిపాయలు తెస్తాగా వదినా!"

అందరూ నవ్వేవాళ్ళు. తిట్టుకుంటూనే మళ్ళీ కట్టేవాళ్ళు. రోసెండోకి తన మీద తనకే రోత పుట్టేది, అయినా కుర్చీలు వేసేది తనే.

అలాంటి రోజుల్లో వెస్ అనేవాడు గిడ్డంగికి వచ్చాడు. పోటీలు కుదిర్చే మనిషి, తెల్ల బూట్లు. బ్రైసన్ అని ఒక కుర్రాడున్నాడు. దుకాణాల్లో ముసలాళ్ళ నెత్తిన పిండి గుమ్మరించి, ఆ వీడియోలు లోకానికి చూపించి కోట్లు గడించినవాడు. వాడికిప్పుడు బాక్సర్ కావాలనిపించింది. వాడి పక్కన నిలబెట్టడానికి అసలైన బాక్సర్ ఒకడు కావాలి, కాస్త వయసు మళ్ళినవాడు. చూడ్డానికి తొంభై డాలర్లు. షరతులు చాలా ఉన్నాయి గానీ అందులో ఒకటే ముఖ్యం. మెడ కిందకి కొట్టకూడదు.

"నీ దగ్గరున్నదే ఆ డొక్క దెబ్బ. అది వద్దంటే నిన్నెందుకురా పిలవడం? పులిని పళ్ళు పీకి పిలిచినట్టుంది" అన్నాడు రోసెండో.

"తెర మీద చూపిస్తారు బావా."

"ఏం చూపిస్తారు?"

"నన్ను." హిలారియో చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "షరతు గిరతు జాన్తా నై. ఒక్కటి గుద్దుతాను డొక్కలో. ఒక్కటే. డబ్బివ్వకపోతే మానె. అమ్మ చూడాలి."

కాందెలారియాకి అప్పటికి కళ్ళు మసకబారాయి. విషయం చెబితే, "ఈసారి కుర్చీ ఇటే వేయండి" అంది. "పోయినసారి గోడ చూసి ఏం బావుకున్నాను?"

వీధంతా మళ్ళీ చందాలేసుకుంది. ఈసారి తాచో కూడా వేశాడు.

పోటీ రోజు, హిలారియో చేతికి రోసెండో పట్టీలు చుడుతుండగా వెస్ వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. "బుద్ధిగా ఉండు. నాలుగో రౌండులో మావాడు తాకితే కాస్త కింద కూర్చో. అక్టోబరులో అసలైన పోటీ ఉంది, అందులో నీ పేరు వేయిస్తా. సందులో దూర్చేది కాదు, సరైన వేళకి, తెర మీద" అన్నాడు.

అతను వెళ్ళాక రోసెండో బామ్మర్ది మొహంలోకి చూశాడు. "నమ్మావా?"

హిలారియో రెండో చెయ్యి ముందుకు చాపాడు. నమ్మాడని రోసెండోకి అప్పుడే తెలిసిపోయింది. డబ్బు చూపించి ఉంటే వీడు ఉమ్మేసేవాడే. తెర చూపించాడు వాడు.

బ్రైసన్ నిప్పురవ్వల మధ్య నుంచి ఒంటె మీద వచ్చాడు. గంట మోగింది. వాడికి కాళ్ళెక్కడున్నాయో చేతులెక్కడున్నాయో తెలియదు. గుద్దబోయి కెమెరా వైపు నాలుక చాపుతాడు. జనం ఈలలు. గరాజ్‌లో మొదటి రెండు రౌండ్లూ చక్రమే తిరిగిందట. మూడో రౌండుకి బొమ్మ వచ్చింది. కాందెలారియా కుర్చీ తెరకి మూరెడు దూరంలో వేసుకుని కూర్చుందట.

నాలుగో రౌండులో బ్రైసన్ రెండు చేతులూ ఎత్తి జనానికి ఊపాడు. కుడి డొక్క మొత్తం తెరిచిన తలుపులా ఉంది. హిలారియో మోకాలు వంగింది, భుజం తిరిగింది, ఎడమ చెయ్యి బయల్దేరింది. మూలన రోసెండో బకెట్ వదిలేసి లేచి నిలబడ్డాడు.

ఆ చెయ్యి సగం దూరం వెళ్ళి ఆగింది. ఆగి, మెల్లగా మొహం దగ్గరకి వెనక్కి వచ్చింది. కాసేపటికి బ్రైసన్ విసిరిన చెయ్యి అతని చెవి పక్కనుంచి పోయింది. హిలారియో కూర్చున్నాడు. లేవలేదు. పైనుంచి రంగు కాగితాలు రాలాయి.

రోసెండో వాటిని బామ్మర్ది జుట్టులోంచి ఒక్కొక్కటే ఏరాడు.

అక్టోబరు గోడపత్రిక వచ్చింది. అడుగున పురుగుల్లాంటి అక్షరాలన్నీ రోసెండో కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. అందులో హిలారియో పేరు లేదు. బ్రైసన్ పేరు మాత్రం పైన ఉంది. ధర కూడా పెరిగింది.

ఆ సంగతి చెప్పడానికే గిడ్డంగికి వెళ్ళాడు. హిలారియో ఉన్ని టోపీలో, పళ్ళపెట్టెల మధ్య బండి ఆపి విన్నాడు. ఊపిరి పొగలా వస్తోంది.

"అమ్మ గురించి అక్క నీకు చెప్పింది కదా" అన్నాడు. "కుర్చీ తిప్పుకుందట."

"ఊఁ."

"నేను పడకముందా, పడ్డాకా?"

రోసెండో అబద్ధం చెప్పాలనుకున్నాడు. కానీ నిజమే చెప్పాడు. "ముందే. నీ చెయ్యి ఆగింది చూడు, అప్పుడు. ఎవర్నీ పిలవకుండా తనే లేచి, కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుందట. జపమాల కూడా తీయలేదట."

హిలారియో తన ఎడమచేతి తొడుగు బిగించి లాక్కున్నాడు. తర్వాత బండి ఎక్కాడు.

"అయితే ఆవిడొక్కతే సరిగ్గా చూసింది బావా. ఈసారి చందా నన్నడక్కు."